యాంజియోకీ స్టెంటుకీ కలిపి ముందే సంతకం పెట్టమంటున్నారు. నాన్నగారిని మాత్రం ఎవరూ అడగట్లేదు

లెక్కల టీచరు (తణుకు):

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారికి 67. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. షుగరు, బీపీ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నారు. పోయిన సంక్రాంతి అప్పటినుంచి ఎదురుగాలికి సైకిలు తొక్కితే గుండె మీద బరువు పెట్టినట్టు ఉంటోందట. దిగి రెండు మూడు నిమిషాలు నిలబడితే పోతుందట. ఈ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు. పొలం నుంచి వస్తూ రోజూ లాకుల దగ్గర సైకిలు దిగి నిలబడుతున్నారని పక్కింటాయన చెబితే మాకు తెలిసింది. అడిగితే "గ్యాసులే అమ్మా" అన్నారు.

దసరా సెలవుల్లో ఒక పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్లాం (పేరు అనవసరం). ఈసీజీ మామూలుగానే ఉంది. టూడీ ఎకోలో పంపింగ్ 58 శాతం, బాగుందన్నారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, ఆ టీఎంటీ పాజిటివ్ వచ్చింది, అంటే శ్రమ పడితే గుండెకి రక్తం చాలట్లేదేమోనని. ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 142. కార్డియాలజిస్టుగారు నెమ్మదస్తుడే, విసుక్కోలేదు. కానీ నాన్నగారిని రెండు ప్రశ్నలు అడిగి, తర్వాత కుర్చీ మావారి వైపు తిప్పేశారు. అక్కడినుంచి మాటలన్నీ అల్లుడితోనే. నాన్నగారు పక్కనే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

చెప్పింది ఇదీ: యాంజియో (గుండె రక్తనాళాల్లోకి డై పంపి ఎక్స్‌రేలో చూడటం) చెయ్యాలి, బ్లాకు కనబడితే అదే సిట్టింగులో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసేస్తాం. కింద ప్యాకేజీలు చూసే అమ్మాయి ఇంకో మాట కలిపింది. రెండింటికీ ఇప్పుడే సంతకం పెట్టేస్తే ఖర్చు తగ్గుతుంది, మళ్లీ అడ్మిషను అక్కర్లేదు అని. తారీఖు కూడా ఇచ్చేసింది.

మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టానో లేదో "డబ్బు గురించి చూడకు, వేయించెయ్" అన్నాడు. మావారు "మనం వద్దని రేపు ఏమైనా అయితే?" అంటున్నారు. పిన్ని "నాన్నకి బ్లాకులని చెప్పకండి, భయపడతాడు" అంటుంది. నాన్నగారు "మీరెలా అంటే అలా" అంటున్నారు. నలభై అడుగుల స్తంభమెక్కి వర్షంలో జంపర్లు కట్టిన మనిషి! ఆయన్ని భయపెట్టకూడదని మేమంతా వంటింట్లో గుసగుసలు.

నేను లెక్కల టీచర్ని కాబట్టి నా తిక్క నాది. ఏ సమాధానం చూసినా ముందు ప్రశ్న ఏమిటని అడుగుతాను. స్టెంట్ వేస్తే నాన్నగారు ఎక్కువకాలం బతుకుతారా? గుండెపోటు రాదా? లేక సైకిలు తొక్కినప్పుడు నొప్పి రాకుండా ఉంటుందా? ఈ మూడూ వేరువేరు కదా? ఏది జరుగుతుందో మాకెవరూ చెప్పలేదు, నిజానికి మేమూ అడగలేదు. యాంజియో ఒకరోజు చేయించుకుని, ఇంటికొచ్చి ఆలోచించుకుని, తర్వాత స్టెంట్ సంగతి చూద్దామంటే అది మూర్ఖత్వమా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

---

గన్నవరం బాబాయ్:

అమ్మా, ఎక్కువ ఆలోచించకు. మా బావమరిది ఇలాగే చూద్దాం చూద్దాం అన్నాడు. ఒకరోజు తెల్లారగట్ల ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. గ్యాసనుకుని సోడా తాగి పడుకున్నాడు. హాస్పిటల్‌కి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. డాక్టరు చెప్పినప్పుడు చేయించుకోవాలి. మనం చదివింది వాళ్లు చదివినదానికంటే ఎక్కువా? తారీఖు ఇచ్చారు కదా, ఆ రోజు తీసుకెళ్లిపో.

---

క్యాత్‌ల్యాబ్ సిస్టర్ (విజయవాడ):

టీచరుగారూ, నేను క్యాత్ ల్యాబులో, అంటే యాంజియోలు, స్టెంట్లు చేసే గదిలో, స్టాఫ్ నర్సుని. తలుపు లోపలివైపు నుంచి చెబుతాను.

యాంజియోకి మత్తు ఇవ్వరండి. మణికట్టు దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ చేసి సన్న గొట్టం పంపిస్తారు. పేషెంటు పూర్తి మెలకువలో ఉంటారు. "ఇంకెంతసేపమ్మా" అంటారు, ఏసీ చలేస్తోందని దుప్పటి అడుగుతారు, పక్కనున్న తెర మీద తన రక్తనాళాలు తానే చూస్తారు. సరే, బ్లాకు కనబడింది. అప్పుడు డాక్టరుగారు ఎవరితో మాట్లాడతారు? టేబుల్ మీదున్న మనిషితో కాదు. బయటున్న అల్లుడినో కొడుకునో కంట్రోల్ రూములోకి పిలిపించి, "ఇదిగో ఇక్కడ 80 శాతం ఉంది, ఏం చేద్దాం?" అంటారు. ఆ అబ్బాయి జీవితంలో మొదటిసారి ఆ తెర చూస్తున్నాడు. వెంటనే అమెరికాకి ఫోను, అక్కడ అర్ధరాత్రి. లోపల గొట్టం చేతిలోనే ఉంది, బయట ట్రాలీ మీద ఇంకో కేసు ఎదురుచూస్తోంది. ఐదు పది నిమిషాల్లో తేలిపోవాలి. ఆ గదిలో నిలబడి "ఇప్పుడొద్దండి, ఆలోచించుకుంటాం" అన్నవాళ్లని నేను చాలా అరుదుగా చూశాను. వాళ్ల తప్పేం లేదు. ఆ ప్రశ్న వచ్చిన చోటూ వేళా అలాంటివి.

గాజు అద్దానికి అవతల అసలు మనిషి మెలకువగా పడుకుని ఉంటారు. ఆయన్నెవరూ అడగరు. నాకు మింగుడు పడనిది అదొక్కటే.

గుండెపోటుతో వచ్చినవాళ్ల సంగతి వేరు. అక్కడ నిమిషాలు లెక్క. యాంజియో, స్టెంట్ ఒకేసారి జరగాల్సిందే, ఆలోచించే తీరిక ఉండకూడదు. బాబాయ్‌గారు చెప్పిన బావమరిదిగారిది ఆ రకం. మీ నాన్నగారిది, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఆ రకం కాదు.

రెండు సిట్టింగులంటే రెండుసార్లు సూది, రెండుసార్లు బిల్లు, నిజమే. కానీ షుగరున్నవాళ్లకి కిడ్నీల సంగతి కూడా చూసుకోవాలి. యాంజియోలో వాడే డై కిడ్నీల మీద పడుతుంది, రెండు పనులూ ఒకేసారి చేస్తే డై ఎక్కువ పోతుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో చూడండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంకోమాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకి గరిష్ఠ ధర పెట్టింది. మందు పూత ఉన్నదానికి అప్పట్లో 29,600 రూపాయలు. అంతకుముందు లక్ష దాటేది. మంచి పనే, కాదనను. కాకపోతే ఆ తర్వాత "ఒకటి వేసేస్తే పోలా" అనే మాట మా కారిడార్లో ఎక్కువ వినబడింది.

---

జనరల్ మెడిసిన్ (విజయనగరం):

నేను ఫిజీషియన్ని, కార్డియాలజిస్టుని కాదు. రిపోర్టులు చూడకుండా మీ నాన్నగారికి ఏం చెయ్యాలో చెప్పను, అలా ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ మీరడిగిన మూడు ప్రశ్నలూ సరైనవే, వాటికి జవాబులున్నాయి.

పని చేసినప్పుడే వచ్చి, ఆగితే తగ్గిపోతూ, నెలల తరబడి ఒకేలా ఉండే నొప్పిని స్టేబుల్ యాంజైనా అంటాం. ఇలాంటివాళ్లలో సగంమందికి స్టెంట్‌తో పాటు మందులు, సగంమందికి మందులు మాత్రమే ఇచ్చి ఏళ్లపాటు గమనించారు. అమెరికా, కెనడాల్లో 2,287 మందితో చేసిన కరేజ్ అధ్యయనం 2007లో వచ్చింది. నాలుగున్నరేళ్లకి చావుగానీ గుండెపోటుగానీ వచ్చినవాళ్లు స్టెంట్ వైపు 19 శాతం, మందుల వైపు 18.5 శాతం. అప్పట్లో చాలామంది కార్డియాలజిస్టులు ఒప్పుకోలేదు. పాత రకం స్టెంట్లన్నారు, తేలిక కేసులన్నారు. అందుకని 37 దేశాల్లో 5,179 మందితో ఇస్కీమియా అధ్యయనం చేశారు. అందులో మన దేశపు రోగులూ ఉన్నారు. ఒత్తిడి పరీక్షలో గట్టిగా తేడా కనబడినవాళ్లనే తీసుకున్నారు. 2020లో అచ్చయింది. సుమారు మూడేళ్లలో చనిపోయినవాళ్లు, యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసే దారిలో 145 మంది, ముందు మందులతో మొదలుపెట్టే దారిలో 144 మంది. మీరు లెక్కల టీచరు కదా, ఈ అంకెలు మీకు వదిలేస్తున్నాను.

ఎందుకిలా అంటే, మనందరి బుర్రలో ఉన్న బొమ్మ కాలవలో పూడిక లాంటిది. పూడిక తీస్తే నీళ్లు పారతాయి, ఇక గండం గడిచింది అని. కానీ గుండెపోటు చాలాసార్లు ఆ 80 శాతం బ్లాకు దగ్గర రాదు. ఇంకెక్కడో 30, 40 శాతం ఉన్న మెత్తటి కొవ్వు పొర పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి వస్తుంది. స్టెంట్ ఒక్కచోటే పని చేస్తుంది. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు), బీపీ షుగరు అదుపు, పొగ మానడం అన్ని నాళాల మీదా పని చేస్తాయి.

అలాగని స్టెంట్ దండగ అనుకోకండి. నొప్పి ఎక్కువగా వచ్చేవాళ్లకి దాంతో ఉపశమనం స్పష్టంగా ఉంటుంది, ఇస్కీమియాలోనూ అదే తేలింది. బ్రిటన్‌లో ఆర్బిటా అని ఇంకో విచిత్రమైన ప్రయోగం చేశారు. కొందరికి స్టెంట్ వేశారు, కొందరిని టేబుల్ మీద పడుకోబెట్టి వేసినట్టే నటించారు, రోగికి ఏది జరిగిందో తెలియదు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, మందులు బాగా వాడుతున్నవాళ్లలో నడక సామర్థ్యంలో పెద్ద తేడా రాలేదు. 2023లో రెండో ఆర్బిటాలో నొప్పి మందులు ఆపేసి చూస్తే స్టెంట్ వేసినవాళ్లకి నొప్పి తగ్గింది. అంటే నొప్పికి మందులొక దారి, స్టెంట్ ఒక దారి. ఏది కావాలన్నది నాకు తెలిసే విషయం కాదు, సైకిలు తొక్కే మనిషికి తెలుస్తుంది.

మినహాయింపులు జాగ్రత్తగా చదవండి. ఎడమవైపు ప్రధాన నాళం, లెఫ్ట్ మెయిన్ అంటాం, అందులో సగానికి మించి బ్లాకుంటే ఈ లెక్కలేవీ వర్తించవు. అలాంటివాళ్లని ఇస్కీమియా అధ్యయనంలోకే తీసుకోలేదు. పంపింగ్ బాగా పడిపోయినవాళ్లని, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లని కూడా తీసుకోలేదు. కాబట్టి యాంజియోనో సీటీ యాంజియోనో చేసి లోపలేముందో చూడటం అర్థమున్న పనే. నాన్నగారి నొప్పి విశ్రాంతిలో వస్తే, కొంచెం పనికే రావడం మొదలైతే, పావుగంట దాటినా తగ్గకపోతే, ఇక చర్చలు లేవు. 108కి ఫోన్ చేసి దగ్గర్లో క్యాత్ ల్యాబున్న చోటికి వెళ్లిపోండి.

ఇంకొకటుంది, మీ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. నాన్నగారికి షుగరుంది. షుగరున్నవాళ్లకి రెండు మూడు నాళాల్లో బ్లాకులుంటే స్టెంట్లకంటే బైపాసు మంచిదని 2012లో ఫ్రీడమ్ అధ్యయనంలో తేలింది. 1,900 మందిని చూశారు. అయిదేళ్లలో చావు, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ల వైపు 26.6 శాతం, బైపాసు వైపు 18.7 శాతం. అంటే యాంజియో అయ్యాక మీ ముందుండేది వేద్దామా వద్దా అన్న రెండు దారులే కాదు, మందులు, స్టెంట్, బైపాసు అని మూడు. అందులో ఒకదానికి మాత్రం ముందే సంతకం పెట్టించుకోవడమేమిటి?

ఇక డాక్టర్ల వైపు. హాస్పిటల్ టార్గెట్లు, కమిషన్లు ఉన్నాయి, లేవని బుకాయించను. కానీ నిజాయితీపరులైన కార్డియాలజిస్టులు కూడా ఎందుకు వేసేస్తారో మీకు తెలియాలి. స్టెంట్ వేశాక మనిషి పోతే "పాపం, డాక్టరు చెయ్యాల్సింది చేశాడు" అంటారు. మందులిచ్చి పంపాక మనిషి పోతే అద్దాలు పగులుతాయి. పైగా కళ్లెదుట సన్నబడిన నాళం కనబడుతుంటే చెయ్యి ఊరుకోదు. నేనే ఎంతోమందికి మందులతో చూద్దామన్నాను. వాళ్లలో కొందరు మర్నాడే ఇంకోచోట స్టెంట్ వేయించుకుని, నాకు సీడీ చూపించడానికి వచ్చారు, "మీరు కనిపెట్టలేకపోయారు" అన్నట్టు మొహం పెట్టి. రోగులు అడుగుతున్నది డాక్టర్లు ఇస్తున్నారు, డాక్టర్లు ఇస్తారని రోగులు అడుగుతున్నారు. అమెరికాలో ఒక హాస్పిటల్లో స్టేబుల్ యాంజైనా రోగులని అడిగితే 88 శాతం మంది స్టెంట్ వల్ల గుండెపోటు ముప్పు తగ్గుతుందనే నమ్మారు. వాళ్లకి స్టెంట్లు వేసే డాక్టర్లలో ఎక్కువమంది నమ్మింది నొప్పి తగ్గుతుందని మాత్రమే. 2010లో వచ్చింది ఆ పేపరు. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు, ఎవరి ఆలోచన వాళ్లదే.

చివరిగా నావి మూడు చిన్న ప్రశ్నలు. ఇప్పుడు ఏయే మందులు, ఏ డోసులో వాడుతున్నారు? నాలిక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చారా? పొగ తాగుతారా?

---

లెక్కల టీచరు (తణుకు):

డాక్టరుగారూ, మీకు చాలా రుణపడిపోయాను. ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 10, బీపీకి ఒకటి, షుగరుకి మెట్‌ఫార్మిన్. నాలిక కింది మాత్ర ఇవ్వలేదు. చుట్ట తాగుతారు. భోజనమయ్యాక ఒకటి, సాయంత్రం అరుగు మీద ఒకటి. ఇంత పెద్ద హాస్పిటల్లో, ఇన్ని పరీక్షలు చేసినవాళ్లు, ఆ చుట్ట సంగతి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! ఫైలంతా తిరగేశాను, ఎక్కడా రాసిలేదు.

సిస్టర్‌గారూ, మెలకువలో ఉంటారన్న సంగతి నాకు తెలియదండి. మత్తిస్తారనే అనుకున్నాను. మావారికి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. "అయితే నన్నెందుకు అడగడం" అన్నారు.

---

అడ్వకేటు (గుంటూరు):

చట్టం సంగతి నేను చెబుతాను. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో దాదాపు ఇదే ప్రశ్న తేల్చింది. ఆమె పరీక్ష కోసం లాపరోస్కోపీకి, అంటే పొట్టలోకి చిన్న కెమెరా గొట్టం పంపి చూడటానికి, ఒప్పుకున్నారు. మత్తులో ఉండగా, బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. కోర్టు చెప్పింది రెండు ముక్కల్లో: పరీక్షకి ఇచ్చిన అంగీకారం చికిత్సకి అంగీకారం కాదు, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరమైతే తప్ప. రెండోది, తన నిర్ణయం తాను చేసుకోగల పెద్దమనిషికి బదులు తల్లయినా సరే సంతకం పెట్టడం చెల్లదు.

అయితే హాస్పిటల్ వాళ్లడిగింది చట్టవిరుద్ధం అనుకోకండి. పరీక్షకీ, దాని వెంటనే చేయబోయే చికిత్సకీ ముందే కలిపి అంగీకారం తీసుకోవచ్చని అదే తీర్పులో ఉంది. అందుకే ఆ ఫారం. కాకపోతే ఆ సంతకం మీ నాన్నగారిదై ఉండాలి. ఎందుకు చేస్తున్నారు, చెయ్యకపోతే ఏమవుతుంది, ఇంకే దారులున్నాయి అన్నవి ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. "యాంజియోకి మాత్రమే" అని ఫారం మీద రాసి సంతకం పెట్టే హక్కు ఆయనకుంది. దానికి మీ ఆయనగారి సంతకం సాక్షి సంతకమే.

---

ట్రాలీ ఆటో (కరీంనగర్):

అక్కా, నాది జర ఇంకో తీరు ముచ్చట. నాకు 58 ఏండ్లు. ట్రాలీ ఆటో నడుపుత, సిమెంట్ బస్తాలు ఎత్తుడు దించుడు గూడ నేనే. నాకు గిట్లనే నొప్పి వస్తే డాక్టర్ సాబ్ ముందుగాల మందులు రాసిండు. నిజంగనే తగ్గింది. ఉత్తగ నడుస్తె ఏం లేకుండె. కని బస్తా ఎత్తితె మళ్ల పట్టేసేది. డోసు పెంచితె పొద్దున లేవంగనే కండ్లు తిరుగుడు, తలకాయ నొప్పి. బండి నడిపేటోనికి కండ్లు తిరిగితె ఎట్ల?

మళ్ల పోయిన. యాంజియోల ఒక్కటే బ్లాకు. దాంట్లకు సన్నటి వైరు పంపి ప్రెషరు కొలిసిన్రు, నిజంగనే రక్తం తక్కువ పోతున్నదని తేలింది. నేనే అన్న, ఏసేయిన్రి సార్ అని. నా ఇంటిది వద్దన్నది, మా బిడ్డ వద్దన్నది. బస్తాలెత్తేది నేను గదా. ఇప్పుడు మంచిగున్న. రక్తం పలుసగయ్యే గోలీలు రెండు రకాలు ఏస్కుంటున్న, మధ్యల బంద్ చెయ్యొద్దని గట్టిగ చెప్పిన్రు.

గందుకే ఈడ చదివినోళ్లు స్టెంట్ అంటే మోసమే అనుకోవద్దు. ముందుగాల మందులు వాడినందుకు నాకేం నష్టం గాలే. తర్వాత ఏస్కున్నందుకు గూడ నష్టం గాలే.

---

గన్నవరం బాబాయ్:

డాక్టరుగారు చెప్పింది చదివాను. మావాడిది వేరే రకమని ఇప్పుడే తెలిసింది. కానీ ఒకటి అడుగుతా. ఈ రకం ఎప్పుడు ఆ రకంగా మారుతుందో ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? భయం అందుకే కదా.

---

జనరల్ మెడిసిన్ (విజయనగరం):

బాబాయ్‌గారూ, ముందుగా కచ్చితంగా చెప్పగలిగిన డాక్టరు లేడు, నాతో సహా. స్టెంట్ వేసినా ఆ మాట ఇవ్వలేం, ఇబ్బందంతా అక్కడే. ఇంట్లో గమనించాల్సింది నొప్పి నమూనా మారిందా అన్నదే. ఇన్నాళ్లూ లాకుల దగ్గర వచ్చేది ఇప్పుడు గుమ్మం దాటగానే వస్తోందా? ముందు రెండు నిమిషాల్లో పోయేది ఇప్పుడు పది పడుతోందా? రాత్రి పడుకున్నప్పుడు వచ్చిందా? ఇవి దాచకుండా చెప్పాలి. దాచకుండా చెప్పాలంటే తనకేముందో ఆ మనిషికి తెలిసుండాలి. గ్యాసని నమ్మించి కూర్చోబెట్టినవాళ్లే మీ బావమరిదిగారిలా సోడా తాగి పడుకుంటారు.

టీచరుగారూ, ఎల్‌డీఎల్ 142కి, షుగరున్న మనిషికి, అటోర్వా 10 చాలా తక్కువ. దాన్ని కనీసం 70 కిందికి తేవాలి. పల్సు తగ్గించే మందు అసలు మొదలెట్టినట్టే లేదు. అంటే మందుల దారి విఫలం కాలేదు, ఇంకా మొదలే కాలేదు. ఈ ప్రశ్న మీ కార్డియాలజిస్టుని మర్యాదగా అడగండి. "మందులు పూర్తి డోసులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి చూడొచ్చా సార్" అని. మంచివారన్నారు కదా, కసురుకోరు.

---

లెక్కల టీచరు (తణుకు):

నిన్న వెళ్లొచ్చాం. ఇక్కడ ఇంతమంది టైం పెట్టి రాశారు కాబట్టి జరిగింది చెబుతున్నాను.

ముందురోజు రాత్రి అమ్మ, నేను కూర్చుని నాన్నగారికి అంతా చెప్పాం. బ్లాకులు ఉండొచ్చని, మూడు దారులని. పిన్ని భయపడ్డంత ఏమీ జరగలేదు. "గ్యాసు కాదని నాకు తెలుసులేవే" అన్నారు. ఆయనే మమ్మల్ని భయపెట్టకూడదని ఊరుకున్నారట!

ఓపీలో ఈసారి కుర్చీ ఆయన కోసం ముందుకు జరిపాను. మావారు కావాలనే గోడ దగ్గర నిలబడ్డారు. డాక్టరుగారు అలవాటుగా మావారి వైపు చూస్తే, నాన్నగారే అందుకున్నారు. "బాబూ, ఇది వేస్తే నేను ఎన్నాళ్లు ఎక్కువ బతుకుతాను?" ఆయన పెన్ను కింద పెట్టారు. "ఎక్కువ బతకడానికని చెప్పలేనండి. నొప్పి తగ్గుతుంది" అన్నారు. నిజం చెబుతున్నాను, మొదటిసారి వెళ్లినప్పుడు మేం ఎవరం అడిగినా ఆయన అదే చెప్పేవారేమో. షుగరు సంగతి ఎత్తితే, మూడు నాళాల్లోనూ ఉంటే స్టెంట్ వెయ్యను, సర్జన్‌తో మాట్లాడతాను అన్నారు. అయితే కలిపి సంతకం ఎందుకన్నాను. "చాలామంది రెండోసారి రారండీ, ఇంకోచోటికి పోతారు" అన్నారు మొహమాటంగా. ఆ జవాబు నాకు నచ్చలేదు గానీ, అబద్ధం చెప్పనందుకు గౌరవం కలిగింది.

మందులు మార్చారు. అటోర్వాస్టాటిన్ 40, పల్సు తగ్గించడానికి మెటోప్రొలాల్, జేబులో పెట్టుకోవడానికి ఆ నాలిక కింది మాత్ర, సార్బిట్రేట్ 5. చుట్ట గురించి నేనే ఎత్తాను. డాక్టరుగారు ఒక్క నిమిషం నిక్కచ్చిగా మాట్లాడారు, నాన్నగారు నేలచూపులు చూశారు. సాయంత్రం చుట్ట మానతానన్నారు, భోజనం తర్వాతది "చూద్దాం" అట.

యాంజియో ఒక్కదానికే ఒప్పుకున్నారు. స్టెంట్ సంగతి ఫిల్ము చూశాక, ఇంటికొచ్చాక. అయితే తారీఖు దగ్గరే పేచీ వచ్చింది. సార్వా మాసూళ్లు అయ్యేవరకూ కుదరదంటున్నారు నాన్నగారు! ఇంకో మూడు వారాలు. "ఆయన నిర్ణయం ఆయనదే అని మీరే అన్నారుగా" అని మావారు నన్ను దెప్పుతున్నారు. అన్నయ్యకి ఫోన్లో చెబితే అటువైపు నిశ్శబ్దం, తర్వాత "నువ్వు బాధ్యత తీసుకుంటావా?" అన్నాడు. నాన్నగారు ఫోను లాక్కుని "నేను తీసుకుంటానురా" అన్నారు.

డాక్టరుగారూ, మూడు వారాలు ఆగొచ్చా? ఆ సార్బిట్రేట్ ఎప్పుడు వాడాలి?

---

జనరల్ మెడిసిన్ (విజయనగరం):

నొప్పి నమూనా మారకపోతే, మందులు క్రమంగా వాడుతుంటే, మూడు వారాలు ఆగడం గురించి మీ కార్డియాలజిస్టుకి ఒక్క ఫోను చేసి అడగండి, టీఎంటీ కాగితం ఆయన దగ్గరుంది. నాన్నగారు మాసూళ్లు చూడొచ్చు, మొయ్యకూడదు. ధాన్యం బస్తా ముట్టుకోకూడదని నా మాటగా చెప్పండి. మెటోప్రొలాల్ మొదటివారం ఉదయం పూట పల్సు, బీపీ రాసి పెట్టండి. పల్సు 50 కిందికి వస్తే ఫోన్ చేసి అడగండి.

---

క్యాత్‌ల్యాబ్ సిస్టర్ (విజయవాడ):

సార్బిట్రేట్ నిలబడి పెట్టుకోకూడదండి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. సైకిలు దిగి, గట్టు మీద కూర్చుని, నాలిక కింద పెట్టుకోమనండి. తలనొప్పి వస్తుంది, కంగారు పడొద్దు. ఒకటి పెట్టుకుని ఐదు నిమిషాల్లో తగ్గకపోతే పొలంలోంచే 108కి ఫోన్ చెయ్యాలి, ఇంటికొచ్చి చెబుదాం అనుకోకూడదు. ఫోన్లో ఛార్జింగు ఉండేలా అమ్మగారిని చూడమనండి. యాంజియో రోజు పాత రిపోర్టులన్నీ తెచ్చుకోండి, క్రియాటినిన్ మర్చిపోకండి.